న్యూస్ చానెల్ యాడ్ ప్యాకేజీ: ఎక్కడం సులువు, దిగడమే తంటా

నెల్లూరు ట్రంకు రోడ్డులో చీరల షాపుకైనా, పొగతోటలో ఆసుపత్రికైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులో ఫర్నిచర్ షోరూముకైనా తెలుగు న్యూస్ చానెళ్ల వాళ్లు అమ్మే సరుకు దాదాపు ఒకటే. నెల రోజుల ప్యాకేజీ. రోజుకు ఇన్ని స్పాట్లు (బ్రేకులో వచ్చే యాడ్లు), తెర కింద స్క్రోలింగు, బేరం గట్టిగా ఆడితే తెర పక్కా కిందా ప్రకటన నింపే ఎల్-బ్యాండ్ ఉచితం. ఈ రివ్యూలో దాన్ని ఒక్క వైపు నుంచే చూస్తున్నాం. చానెల్‌లో ఏదో చర్చ రచ్చకెక్కింది, మన షాపు పేరు అందులో కనపడకూడదనుకున్నాం. ఆ రోజు ఈ ప్యాకేజీ మనల్ని ఎంత సులువుగా బయటికి రానిస్తుంది? ఆ లెక్కన ఐదుకు రెండు మార్కులు. ఆ రెండూ కూడా ఆర్‌ఓ, అంటే ప్రకటన వేయమని చానెల్‌కు ఇచ్చే రిలీజ్ ఆర్డర్, జాగ్రత్తగా రాయించుకున్నవాళ్లకే. నోటిమాట మీద డబ్బు కట్టినవాళ్లకు సున్నా.

రచ్చ మన దాకా రాదులే అనుకునే రోజులు కావివి. 2025 జూన్‌లో సాక్షి టీవీ చర్చలో అమరావతి మహిళల మీద ఒక విశ్లేషకుడు అన్న మాటలు కేసుల దాకా వెళ్లాయి. యాంకర్‌ను అరెస్టు చేశారు, సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. అంతకు ఏడాది ముందు, 2024 జూన్‌లో, రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే కొన్ని చానెళ్లు కేబుల్‌లో రాకుండా పోయాయి. టీవీ9 ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, మళ్లీ ప్రసారం చేయాలనే ఆదేశం తెచ్చుకుంది. ఏ చానెల్ ఏ పార్టీ వైపో ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెప్తారు. కావలిలోనైనా కందుకూరులోనైనా షాపుకొచ్చే జనంలో రెండు పార్టీల వాళ్లూ ఉంటారు కాబట్టి, ఏ చానెల్ రచ్చైనా వ్యాపారికి తలనొప్పే.

పెద్ద కంపెనీలు ఈ పని చేసి చూపించాయి. 2020 అక్టోబరులో ముంబై పోలీసులు టీఆర్‌పీ కుంభకోణం బయటపెట్టిన రోజుల్లోనే, విషం చిమ్మే చానెళ్లకు ప్రకటనలు ఇవ్వబోమని పార్లే ప్రకటించింది. మూడు చానెళ్లను బ్లాక్‌లిస్టులో పెట్టామని బజాజ్ ఆటో అధిపతి రాజీవ్ బజాజ్ చెప్పారు. అమెరికాలో 2017 ఏప్రిల్‌లో ఫాక్స్ న్యూస్ యాంకర్ బిల్ ఓరైలీ మీద లైంగిక వేధింపుల ఆరోపణల కథనం వచ్చాక, 50కి పైగా కంపెనీలు ఆయన షో నుంచి తప్పుకున్నాయి. మూడు వారాలు తిరగకముందే చానెల్ ఆయన్ను పంపించేసింది. ఇందులో మనం పట్టుకోవాల్సింది మెర్సిడెస్-బెంజ్ చేసిన పని. ఆ షోలోంచి ప్రకటన తీసి వేరే తావుకు మార్పించింది. అంటే కార్యక్రమం పేరు పెట్టి మినహాయించుకోవడం ఈ వ్యాపారంలో మామూలు విషయమే. అడిగినవాళ్లకు ఇస్తారు, అడగనివాళ్లకు ఇవ్వరు.

మరి ఆచారి వీధి నగల షాపు అదే పని ఎందుకు చేయలేకపోతోంది? కారణం ప్యాకేజీలోనే ఉంది. ఆర్‌ఓలో ‘ఆర్‌ఓడీపీ’ అని నాలుగు అక్షరాలు ఉంటాయి. రోజులో చెప్పిన గంటల మధ్య ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేసుకుంటాం అని దాని అర్థం. చవకగా వచ్చేది అందుకే. మీరు కొన్నది ఏ కార్యక్రమాన్నీ కాదు, ఉదయం 7 నుంచి రాత్రి 11 దాకా ఉన్న సమయాన్ని. ‘ఆ చర్చలో మా యాడ్ ఆపండి’ అని తర్వాత ఫోన్ చేస్తే, ‘మీరు ఆ చర్చ కొనలేదుగా సార్, ఆపడానికి’ అనే జవాబు వస్తుంది. కాగితం ప్రకారం ఆ జవాబులో తప్పు లేదు. బ్రిటన్‌లో 2021 జూన్‌లో జీబీ న్యూస్ అనే చానెల్ మొదలైనప్పుడు ఐకియా, కాపర్‌బర్గ్ లాంటి కంపెనీలు ఇదే ఉచ్చులో పడ్డాయి. అక్కడ తమ ప్రకటన వస్తున్నట్టు తమకే తెలియదన్నాయి. గుత్తగా కొన్న సమయంలో మన ప్రకటన ఎక్కడ తేలుతుందో కొన్నవాడికి తెలియదు. ఐకియా అంతటి సంస్థకే అలా జరిగితే స్టోన్‌హౌస్‌పేట బియ్యం వ్యాపారి సంగతి చెప్పేదేముంది.

ప్యాకేజీలోని భాగాలన్నిటికీ ప్రమాదం ఒకేలా ఉండదు. బ్రేకులో వచ్చే 20 సెకన్ల స్పాటు అన్నిటికంటే నయం. చర్చ ఆగుతుంది, ప్రకటన వస్తుంది, పోతుంది. రెండూ ఒకే ఫ్రేములో ఉండవు. స్క్రోలింగు, ఆస్టన్ బ్యాండు (తెర కింద పట్టీలా వచ్చే ప్రకటన), ఎల్-బ్యాండు అలా కాదు, కార్యక్రమం నడుస్తుండగానే తెర మీద ఉంటాయి. ఎల్-బ్యాండ్ అంటే తెరను కొంచెం కుదించి, ఎడమ పక్కా కిందా ప్రకటన నింపేది. నోరు జారిన విశ్లేషకుడి ముఖం, దాని చుట్టూ మీ షాపు పేరు, ఫోన్ నంబరు, ఒకే స్క్రీన్‌షాట్‌లో దొరుకుతాయి. వాట్సాప్‌లో తిరిగేది ఆ బొమ్మే. పైగా చానెల్ యూట్యూబ్‌లో పెట్టే క్లిప్పులో బ్యాండు కూడా అతుక్కుపోయి ఉంటుంది. మీరు టీవీలో ప్రకటన ఆపించినా ఆ క్లిప్పు ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ‘ఉచితం’ అని ఇచ్చే ఎల్-బ్యాండ్ ఈ ప్యాకేజీలోకెల్లా ఖరీదైన వస్తువు అని మా అభిప్రాయం. తీసుకుంటే వార్తల బులెటిన్లకే పరిమితమని రాయించుకోండి. ఉదయం పేపర్ల విశ్లేషణ, రాత్రి డిబేట్ సమయాలకు వద్దనండి. ‘ఈ కార్యక్రమం సమర్పిస్తున్నవారు’ తరహా స్పాన్సర్‌షిప్పు ఇంకా ప్రమాదం. యాంకర్ ఏమన్నా దాని మీద మీ ముద్ర ఉన్నట్టే. వ్యవసాయం, ఆరోగ్యం కార్యక్రమాలకైతే పర్వాలేదు, రాజకీయ చర్చకు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఇంతకీ ఈ ప్యాకేజీ ఎవరి దగ్గర కొంటున్నారన్నది కూడా తేడా తెస్తుంది. మన జిల్లాల్లో ఎక్కువగా అమ్మేది చానెల్ విలేకరే. వార్త తెచ్చే మనిషి మీదే యాడ్ టార్గెట్ కూడా ఉంటుంది. ఉగాది, సంక్రాంతి, ఆగస్టు 15 దగ్గరపడితే ‘అన్నా, శుభాకాంక్షల యాడ్ ఒకటి వెయ్యాల’ అని ఫోన్లు అందుకే మోగుతాయి. ఆయన దగ్గర కొంటే పని త్వరగా అవుతుంది, బేరమూ కుదురుతుంది. ఆపాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆయన చేతిలో ఏమీ ఉండదు. షెడ్యూలు వేసేది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండే ట్రాఫిక్ విభాగం. చానెల్ మార్కెటింగ్ ఆఫీసుతో నేరుగా మాట్లాడితే షరతులు రాయించుకోవచ్చు, కానీ చిన్న మొత్తాలకు వాళ్లు అంతగా ఆసక్తి చూపరు. మధ్యలో ఉన్న దారి యాడ్ ఏజెన్సీ. వాళ్లకు చానెల్ ఇచ్చే కమిషన్ ఆనవాయితీగా 15 శాతం. అది చానెల్ వాటాలోంచి పోయేదే కాబట్టి మీకు అదనపు ఖర్చేమీ లేదు. ఆపడం, మార్పించడం, ఏ స్పాటు ఎప్పుడు వేశారో చూపే లాగ్ తెప్పించడం ఏజెన్సీ పని అని ముందే ఒప్పుకుంటే మేం దానికే ఓటేస్తాం. అయితే చానెల్‌కు డబ్బు కట్టాల్సింది ఏజెన్సీ కాబట్టి, గొడవొస్తే వాళ్లు సగం మీ వైపు, సగం చానెల్ వైపు ఉంటారు. అది తెలుసుకునే వెళ్లండి.

లోకల్ కేబుల్ చానెల్ సంగతి వేరు. ప్రసారం టౌను వరకే కాబట్టి, శాటిలైట్ చానెల్‌లా నెల్లూరు షాపు ప్రకటనను ఆదిలాబాదు దాకా చూపించి డబ్బు వృథా చేయదు. ఆపడానికి ఒక ఫోన్ చాలు. చిక్కేమిటంటే నమ్మదగ్గ లాగ్ ఉండదు, వేశామంటే వేశారని నమ్మాల్సిందే. 

అమ్మేవాళ్లు రేటింగు కాగితం చూపిస్తారు. ఒక సంగతి గుర్తుంచుకోండి. టీఆర్‌పీ గొడవ తర్వాత, టీవీ రేటింగులు లెక్కగట్టే సంస్థ బార్క్ న్యూస్ చానెళ్ల రేటింగులు ఆపేసి, 2022 మార్చిలో మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు ఇవ్వడం మొదలుపెట్టింది నాలుగు వారాల సగటు. అది రెండు తెలుగు రాష్ట్రాల మార్కెట్ లెక్క. ‘నెల్లూరులో మేమే నంబర్ వన్’ అనే మాటకు ఆ కాగితంలో ఆధారం దొరకదు.

ఇక డబ్బు. బయటికి రావడం ఎందుకు బరువో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. 10 సెకన్లకు 500 రూపాయలని అనుకుందాం. ఇది లెక్క కోసం వేసుకున్న రేటే, ఏ చానెల్‌దీ కాదు. 20 సెకన్ల ప్రకటన అంటే రెండు యూనిట్లు, స్పాటుకు 1,000 రూపాయలు. రోజుకు 8 స్పాట్లు, 30 రోజులు, మొత్తం 240 స్పాట్లు, 2,40,000 రూపాయలు. మీద 18 శాతం జీఎస్‌టీ 43,200. చెక్కు 2,83,200కి రాస్తారు. 12 రోజులు గడిచాక రచ్చ మొదలై మీరు ఆపమన్నారు. అప్పటికి వచ్చినవి 96 స్పాట్లు, అంటే 96,000. మిగిలిన 1,44,000 వెనక్కి వస్తుందని మీ లెక్క. చానెల్ లెక్క వేరు. నెల ప్యాకేజీ కాబట్టే 500కి ఇచ్చాం, మధ్యలో ఆపారు కాబట్టి విడి రేటు 800 చొప్పున లెక్క వేస్తాం అంటారు. 192 యూనిట్లు, 800 చొప్పున 1,53,600. వెనక్కి వచ్చేది 86,400. ఆర్‌ఓ వెనకాల సన్న అక్షరాల్లో ఈ షరతు ఉందో లేదో సంతకానికి ముందే చూడండి. ఉంటే కొట్టించండి. కొట్టడానికి ఒప్పుకోకపోతే, ‘కార్యక్రమ వివాదం కారణంగా స్పాట్లు మార్చుకుంటే పాత రేటే వర్తిస్తుంది’ అని ఒక వాక్యం చేర్పించండి. రద్దుకు ఒప్పుకోని చానెళ్లు కూడా మార్పుకు ఒప్పుకుంటాయి, డబ్బు వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి.

జీఎస్‌టీ వైపు కూడా చూడాలి. డబ్బు వెనక్కి ఇస్తే చానెల్ క్రెడిట్ నోట్, అంటే బిల్లు మొత్తం తగ్గించినట్టు చూపే కాగితం, ఇవ్వాలి. పన్ను సర్దుబాటు కావాలంటే, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు అది వాళ్ల రిటర్నులో చేరాలి. నగల షాపు, చీరల షాపు ఇన్‌పుట్ క్రెడిట్ (ఇక్కడ కట్టిన జీఎస్‌టీని తమ పన్నులో తగ్గించుకోవడం) వాడుకుని ఉంటే ఆ మేరకు తిప్పికట్టాలి. ఆసుపత్రులకు, 5 శాతం పన్ను కట్టే హోటళ్లకు, అమ్మకాల మీద స్థిరమైన శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న దుకాణాలకు ఆ క్రెడిటే లేదు కాబట్టి 43,200 అచ్చంగా ఖర్చే. వాళ్లు క్రెడిట్ నోట్‌ను మరిచిపోతే ఇంకా జాస్తి నష్టం. ‘మీ బ్యాలెన్స్ మా దగ్గర ఉంటుంది, పండక్కి వాడుకోండి’ అనే మాటకు రాతపూర్వకంగా గడువు లేకపోతే ఆ బ్యాలెన్స్ కరిగిపోతుంది.

ఆర్‌ఓలో రాయించుకోవాల్సినవి ఐదారు వాక్యాలు మించవు. ప్రకటన వేయకూడని కార్యక్రమాల పేర్లు, వాటి సమయాలు. వాటి పునఃప్రసారాలకూ అదే వర్తిస్తుందన్న మాట, ఎందుకంటే రాత్రి చర్చ అర్ధరాత్రి దాటాక మళ్లీ వస్తుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఆ కార్యక్రమానికి ముందూ వెనకా వచ్చే బ్రేకులు కూడా అందులో చేర్చాలి. మెయిలు అందిన 24 గంటల్లో ఆపాలన్న గడువు. తప్పి పడ్డ ప్రతి స్పాటుకూ వేరేచోట ఒక స్పాటు ఉచితంగా ఇవ్వాలన్న షరతు, దీన్ని వాళ్ల భాషలో మేక్-గుడ్ అంటారు. కేబుల్‌లో చానెల్ రాకుండా పోయిన రోజులకు ఏం చేస్తారన్నది కూడా రాయించాలి. 2024 జూన్ లాంటిది మళ్లీ జరిగితే చానెల్ తన లాగ్‌లో ‘ప్రసారమైంది’ అనే చూపిస్తుంది, మీ ఊళ్లో కేబుల్ ఇళ్లకు మాత్రం చేరదు. ఆఖరిగా కోర్టు పరిధి. ‘హైదరాబాద్ కోర్టులే’ అని ఉంటే 80 వేల కోసం ఎవరూ అక్కడి దాకా వెళ్లరని వాళ్లకూ తెలుసు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామన్నా, వ్యాపార ప్రయోజనం కోసం కొన్న సేవకు 2019 చట్టం తలుపు మూసే ఉంచింది. సొంత జీవనోపాధికి నడుపుకునే చిన్న దుకాణమైతే వాదించే అవకాశం కొంత ఉంది.

రచ్చ నిజంగా మొదలైన రోజు చేయాల్సింది ఇది. విలేకరికి ఫోన్ చేసి ఊరుకోవద్దు. ఆర్‌ఓ నంబరు, ప్రకటన పేరు, నిడివి రాసి మెయిలు పెట్టండి, చానెల్ ట్రాఫిక్ విభాగానికీ మార్కెటింగ్ వాళ్లకూ ఏజెన్సీకీ ఒకేసారి పోవాలి. ఇలా ఉంటే చాలు: ‘ఈ మెయిలు అందిన 24 గంటల నుంచి మా ప్రకటనను ఫలానా కార్యక్రమంలో గానీ, దాని ముందు వెనక బ్రేకుల్లో గానీ, పునఃప్రసారంలో గానీ వేయవద్దు. మిగిలిన స్పాట్లను మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 5 మధ్య వార్తల బులెటిన్లకు మార్చి, కొత్త షెడ్యూలు పంపండి.’ కారణం రాయొద్దు. ‘మీ యాంకర్ ఇలా అన్నాడు కాబట్టి’ అని ఒక్క ముక్క రాస్తే ఆ మెయిలు రేపు ఎవరి ఫోన్‌లోనైనా తిరుగుతుంది, మీరు ఫలానా పార్టీ మనిషని ముద్ర పడుతుంది. మీడియా ప్లానులో మార్పు అంటే సరిపోతుంది. పార్లే బహిరంగంగా చెప్పిందంటే దాని బిస్కెట్లు అన్ని ఊళ్లలో అందరూ కొంటారు. ఒక్క సెంటర్లో ఒక్క షాపున్న మనిషికి ఆ ధైర్యం అవసరం లేదు, చప్పుడు లేకుండా ఆపడమే పద్ధతి.

మెయిలు మధ్యాహ్నం లోపే వెళ్లాలి. మర్నాటి ప్లేలిస్టును సాధారణంగా ముందురోజు సాయంత్రానికే ఖాయం చేస్తారు. శుక్రవారం సాయంత్రం దాటితే సోమవారం దాకా కదలిక ఉండకపోవచ్చు. వివాదాలు మాత్రం శని, ఆదివారాలు చూసుకుని రావు.

‘యాడ్ ఆపితే మీ హోటల్ మీద స్టోరీ వస్తుంది’ లాంటి మాట ఎవరైనా అంటే, ఆ మాటను వాట్సాప్‌లోనే మాట్లాడించండి. రాతలో ఉంటే అది ఆధారం. 2021 జూన్‌లో కేబుల్ టీవీ నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం ప్రసారమైన దాని మీద ఫిర్యాదు మొదట చానెల్‌కే వెళ్లాలి. అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేలకపోతే ఆ తర్వాతి 15 రోజుల్లో ఆ చానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు, అక్కడా కాకపోతే కేంద్రానికి. తెలుగు చానెళ్లన్నీ ఒకే సంస్థలో లేవు, ఏది ఎందులో ఉందో ముందు చూసుకోండి. ఈ దారి ప్రసారమైన మాటల మీద ఫిర్యాదుకే, మీ డబ్బు తెచ్చిపెట్టదు. బెదిరింపు అయితే పోలీసు పని.

టీవీలో ఆపేశాం కదా అని నిశ్చింతగా ఉంటే గూగుల్ ప్రకటనల వైపు నుంచి అదే రచ్చలో తేలతారు. నెల్లూరు చుట్టూ 30 కిలోమీటర్లు అని గీత గీసి యూట్యూబ్ ప్రకటన నడుపుతున్న షాపుల్లో ఎక్కువమంది అది ఏ చానెల్ వీడియోల ముందు వస్తోందో చూసుకోరు. గూగుల్ యాడ్స్‌లో ప్లేస్‌మెంట్ రిపోర్టు తెరిస్తే చానెళ్ల పేర్లు కనిపిస్తాయి. వద్దనుకున్న యూట్యూబ్ చానెల్ లింకును అకౌంటు స్థాయి ఎక్స్‌క్లూజన్ (మినహాయింపు) జాబితాలో పెట్టండి. ఒక్క క్యాంపెయిన్‌లో పెడితే తర్వాత మొదలుపెట్టే క్యాంపెయిన్‌లో మళ్లీ వస్తుంది. ఒకే సంస్థకు రెండు మూడు యూట్యూబ్ చానెళ్లు ఉంటాయి, లైవ్‌కు ఒకటి, క్లిప్పులకు ఒకటి. అన్నిటి లింకులూ పెట్టాలి. ఈ విషయంలో గూగుల్ టీవీ చానెళ్ల కంటే చాలా నయం, ఎవరినీ బతిమాలకుండా ఆపుకోవచ్చు. దానికి ఐదుకు నాలుగు.

టీవీకి స్టాప్ మెయిలు పెట్టాక రెండు మూడు రోజులు తెర మీద కన్నేసి ఉంచాలి. బ్రేకు స్పాట్లను ట్రాఫిక్ విభాగం ప్లేలిస్టులోంచి తీసేస్తుంది. స్క్రోలింగు, బ్యాండ్లు నడిపేది చాలాచోట్ల గ్రాఫిక్స్ మనిషి, వేరే కంప్యూటరు నుంచి. ఒకరికి చెబితే ఇంకొకరికి చేరదు. స్పాటు ఆగిపోయి, చర్చ కింద స్క్రోలింగు మాత్రం హాయిగా పరిగెడుతుంటుంది. కనిపిస్తే తెర మీద గడియారం పడేలా ఫోన్‌లో వీడియో తీసి, అదే మెయిలుకు జవాబుగా పంపండి. నెలాఖరులో ఏ స్పాటు ఎప్పుడు వేశారో చానెల్ రాసిచ్చే టెలికాస్ట్ సర్టిఫికెట్ వచ్చాక తేదీ, సమయం ఒక్కో వరుసా సరిపోల్చుకుని, ఇంకా కట్టాల్సింది ఏమైనా ఉంటే అప్పుడే ఆ చెక్కు ఇవ్వండి.